గేమ్ కంట్రోలర్‌తో కంప్యూటర్ నడపడం ఎలా? కర్సర్ నుంచి టైపింగ్ దాకా పూర్తి సెటప్

టీవీకి ల్యాప్‌టాప్ కలిపి, దూరంగా కూర్చుని కంట్రోలర్‌తో నడపాలని చాలామంది అడుగుతున్నారు. సగం మందికి సెటప్ అయిపోయే ఉంటుంది. వాళ్ల సమస్య ఒక్కటే, కర్సర్ కదులుతుంది గానీ క్లిక్ మాత్రం అనుకున్న చోట పడదు. రెండు రోజులు కుస్తీ పట్టి, విసిగిపోయి మళ్లీ మౌస్ పట్టుకుంటారు.

తప్పు కంట్రోలర్‌ది కాదు, సాఫ్ట్‌వేర్‌దీ కాదు. ఏ పని ఏ వేలికి ఇచ్చామన్నదే ఇక్కడ అసలు విషయం. కర్సర్‌ని కదిపే వేలితో క్లిక్ చేయకూడదు. ఈ ఒక్క నియమం గుర్తుపెట్టుకుని కింది వరుస తప్పకుండా చేసుకుంటూ వెళ్తే, ఒక సాయంత్రంలో పని పూర్తవుతుంది.

విండోస్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. లినక్స్ వాళ్లకు తేడా వచ్చే చోట విడిగా చెప్తాను.

## 1. మొదలుపెట్టే ముందు

- కంట్రోలర్. ఎక్స్‌బాక్స్‌ది, ప్లేస్టేషన్‌ది, లేదా పీసీ కోసం అమ్మే మామూలు యూఎస్‌బీది, ఏదైనా పర్వాలేదు. బొటనవేళ్లతో కదిపే రెండు స్టిక్‌లు మాత్రం ఉండాలి.
- డేటా వెళ్లే యూఎస్‌బీ కేబుల్. కొన్ని కేబుళ్లు చార్జింగ్‌కి మాత్రమే పనికొస్తాయి. లైటు వెలుగుతుంది, కంప్యూటర్ మాత్రం గుర్తించదు.
- మామూలు కీబోర్డ్, మౌస్. సెటప్ అయ్యేవరకు ఇవి పక్కనే ఉండాలి, తర్వాత కూడా ఇంట్లోంచి పారేయకండి. ఎందుకో 10వ భాగంలో ఉంది.
- టీవీ మీద వాడేటట్టయితే డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో స్కేల్‌ని 150 లేదా 200 శాతానికి పెంచండి. యాక్సెసిబిలిటీలో కర్సర్ సైజు కూడా పెంచండి.

చివరిది చిన్న విషయం అనిపిస్తుంది గానీ కాదు. బటన్లు చిన్నగా ఉంటే ఎంత మంచి సెటప్ అయినా చిరాకు తెప్పిస్తుంది. స్టిక్ ఎప్పటికీ మౌస్ అంత కచ్చితంగా ఉండదు, కాబట్టి గురి చూడాల్సిన వస్తువునే పెద్దది చేసుకోవాలి.

## 2. కంట్రోలర్‌ని కలిపి, పరీక్షించడం

మొదటిసారి కేబుల్‌తోనే కలపండి. అంతా కుదిరాక బ్లూటూత్‌కి మారొచ్చు, అప్పుడు ఏదైనా ఇబ్బంది వస్తే అది బ్లూటూత్ వల్లేనని వెంటనే తెలిసిపోతుంది.

బ్లూటూత్‌లో కలిపే పద్ధతి:

- ఎక్స్‌బాక్స్: పైన యూఎస్‌బీ రంధ్రం పక్కనున్న చిన్న బటన్‌ని, మధ్యలోని లోగో వేగంగా మిణుకుమనే వరకు నొక్కి పట్టుకోవాలి.
- పీఎస్4: షేర్, పీఎస్ బటన్లు రెండూ కలిపి, లైటు మిణుకుమనే దాకా.
- పీఎస్5: క్రియేట్, పీఎస్ బటన్లు రెండూ కలిపి.

ఆ తర్వాత విండోస్ బ్లూటూత్ సెట్టింగ్స్‌లో 'యాడ్ డివైస్' నొక్కాలి.

పాత ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లలో కొన్నింటికి బ్లూటూత్ అసలు ఉండదు. లోగో బటన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ని చూడండి. అది ముందు భాగంలో కలిసిపోయి, మధ్యలో అతుకు లేకుండా ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. పైనున్న బంపర్ల (చూపుడు వేళ్లతో నొక్కే పై అంచు బటన్లు) ముక్కే కిందికి దిగి లోగోని చుట్టేస్తే లేనట్టు. అలాంటివాటికి కేబులో, ఎక్స్‌బాక్స్ వైర్‌లెస్ అడాప్టరో వాడాల్సిందే.

ఇప్పుడు పరీక్ష. విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో జే, ఓ, వై, చుక్క, సీ, పీ, ఎల్ అని ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. గేమ్ కంట్రోలర్ల కిటికీ తెరుచుకుంటుంది. ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ఒక్కో బటన్ నొక్కి చూడండి, ఏది నొక్కితే దాని గుర్తు వెలగాలి. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లో రెండు ట్రిగ్గర్లూ (బంపర్ల వెనక, లోపలికి దిగే బటన్లు) ఒకేసారి నొక్కితే అక్కడ గీత కదలనట్టు కనిపిస్తుంది, కంగారు పడకండి. ఆ కిటికీ రెండింటినీ ఒకే గీత మీద చూపిస్తుంది కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అంతే.

## 3. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి

కంట్రోలర్ నొక్కులని మౌస్, కీబోర్డ్ నొక్కులుగా మార్చే సాఫ్ట్‌వేర్ కావాలి. దారులు చాలానే ఉన్నాయి. నా సలహా యాంటీమైక్రోఎక్స్. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. ఈ వ్యాసంలో మిగతాదంతా దీని గురించే.

జాయ్‌టుకీ పాతది, తేలిక, విండోస్‌కి మాత్రమే. గోఫర్360ని తెరిస్తే చాలు, కర్సర్ వెంటనే కదులుతుంది. ఒక్క రాత్రి సినిమా చూడటానికి అది సరిపోతుంది గానీ మనకు నచ్చినట్టు మలుచుకోవడం కష్టం.

ఇప్పటికే స్టీమ్ (పీసీ ఆటలు కొని ఆడుకునే యాప్) ఉన్నవాళ్లు అందులోని డెస్క్‌టాప్ లేఅవుట్‌తో కూడా ఇదంతా చేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో కంట్రోలర్ విభాగంలో ఉంటుంది. పని చేయాలంటే స్టీమ్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. యాంటీమైక్రోఎక్స్, స్టీమ్ రెండిట్లో ఒకటే ఎంచుకోండి, రెండూ కలిపి నడిపితే ప్రతి నొక్కుకీ రెండు నొక్కులు పడతాయి.

## 4. ముందు కర్సర్ ఒక్కటే

ఇక్కడ అందరూ తొందరపడతారు. పది బటన్లకూ పది కీలు ఒకేసారి పెట్టేసి, ఏది ఏమిటో గుర్తులేక తికమకపడతారు. వద్దు. ముందు కర్సర్, అది చేతికి కుదిరాకే క్లిక్.

స్టిక్‌ని మౌస్ చేయడం. యాంటీమైక్రోఎక్స్ తెరిచి కుడి స్టిక్ మీద నొక్కండి. ప్రీసెట్స్‌లో 'మౌస్ నార్మల్' ఎంచుకుంటే కర్సర్ వెంటనే కదులుతుంది.

డెడ్ జోన్. స్టిక్ వదిలేశాక కూడా కర్సర్ తనంతట తానే పాకుతుంటే దాన్ని డ్రిఫ్ట్ అంటారు. వాడిన కంట్రోలర్లలో ఇది మామూలే. మధ్యలో కొంత మేర కదలికను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పడమే డెడ్ జోన్. ఊహించి పెట్టకండి, కొలిచి పెట్టండి:

1. స్టిక్ సెట్టింగ్స్ కిటికీ తెరిచి ఉంచండి. స్టిక్ ఎక్కడుందో అంకెల్లో కనిపిస్తుంటుంది. ఒక్కో దిశలో దాదాపు 32,767 దాకా వెళ్తుంది.
2. స్టిక్‌ని ఒక పక్కకి పూర్తిగా నెట్టి టక్కున వదలండి. అన్ని దిశల్లో కలిపి పదిసార్లు.
3. ప్రతిసారీ ఏ అంకె దగ్గర ఆగిందో చూసి, అన్నిట్లో పెద్దది రాసుకోండి.
4. దానికి 1,500 కలిపి డెడ్ జోన్‌గా పెట్టండి.

నా కంట్రోలర్ 3,400 దగ్గర ఆగుతుంది, 1,500 కలిపితే 4,900, గుండ్రంగా 5,000 పెట్టుకున్నాను. మరీ ఎక్కువ పెడితే స్టిక్‌ని బాగా నెట్టేదాకా కర్సర్ కదలదు, కదిలాక చిన్న కదలికలు కష్టమవుతాయి.

వేగం. మౌస్ సెట్టింగ్స్‌లో అడ్డం, నిలువు వేగాలు విడివిడిగా ఉంటాయి. రెండూ 50 దగ్గర మొదలుపెట్టండి. కర్వ్ దగ్గర 'ఎన్‌హాన్స్‌డ్ ప్రెసిషన్' ఉంచండి, అప్పుడు స్టిక్ కొద్దిగా నెడితే కర్సర్ నింపాదిగా, పూర్తిగా నెడితే వేగంగా వెళ్తుంది. లీనియర్ పెడితే ఆ తేడా అంతగా ఉండదు, చిన్న బటన్ల దగ్గర బాగా ఇబ్బంది పడతారు.

వేగం సరిపోయిందో లేదో ఇలా తేల్చుకోండి:

- తెర ఎడమ అంచు నుంచి కుడి అంచుకి రెండు సెకన్ల లోపు చేరాలి.
- కిటికీ మూలనున్న మూసే గుర్తు మీద కర్సర్‌ని పదిసార్లు ఆపి చూడండి. కనీసం ఎనిమిది సార్లు సరిగ్గా ఆగాలి.

మొదటిది కుదరకపోతే వేగం 5 పెంచండి. రెండోది కుదరకపోతే 5 తగ్గించండి. రెండూ కుదరట్లేదంటే మీరు ఒక మధ్యస్థ వేగం ఎంచుకుని ఆపేయండి, మిగతా లోటుని తర్వాతి భాగంలో చెప్పే నెమ్మది బటన్ తీరుస్తుంది. చాలామంది వేగం బాగా పెంచేసి, కర్సర్ గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతుంటే డ్రిఫ్ట్ అనుకుంటారు.

## 5. క్లిక్‌లు ఎక్కడ పెట్టాలి

ఎక్కువ మంది ఎడమ క్లిక్‌ని 'ఏ' అనే బటన్ (ప్లేస్టేషన్‌లో క్రాస్) మీద పెడతారు, ఆటల్లో అలవాటు కదా. కానీ కుడి స్టిక్‌ని కదిపేదీ కుడి బొటనవేలే, ఆ 'ఏ' బటన్ నొక్కేదీ అదే వేలు. గురి చూసి, స్టిక్ వదిలి, బటన్ మీదికి వెళ్లేలోపు స్టిక్ వెనక్కి కొట్టుకుని కర్సర్‌ని కొంచెం జరిపేస్తుంది. పైగా ఫైల్‌ని పట్టుకుని లాగడం అసాధ్యం, ఎందుకంటే నొక్కి పట్టుకుంటూ కదపాలంటే ఇంకో బొటనవేలు కావాలి.

కాబట్టి:

- ఆర్‌బీ (కుడి బంపర్, ప్లేస్టేషన్‌లో ఆర్1): ఎడమ క్లిక్. చూపుడు వేలు నొక్కుతుంది, బొటనవేలు స్టిక్ మీదే ఉంటుంది.
- ఎల్‌బీ (ఎడమ బంపర్, ప్లేస్టేషన్‌లో ఎల్1): కుడి క్లిక్.
- ఎల్‌టీ (ఎడమ ట్రిగ్గర్, ప్లేస్టేషన్‌లో ఎల్2): నెమ్మది. ఇది నొక్కి పట్టుకున్నంతసేపు కర్సర్ వేగం 30 శాతానికి పడిపోవాలి. ఆ బటన్ అడ్వాన్స్‌డ్ కిటికీలో 'మౌస్ మాడ్' అనే రకం ఎంచుకుని 30 ఇవ్వండి.

ఎడమ క్లిక్‌ని ఆర్‌టీ (కుడి ట్రిగ్గర్, ప్లేస్టేషన్‌లో ఆర్2) మీద ఎందుకు పెట్టకూడదని అడుగుతారు. ట్రిగ్గర్ లోపలికి దిగడానికి చాలా దూరం ఉంటుంది. ఆ కాస్త సేపట్లో చేయి బిగుసుకుని బొటనవేలు కదిలిపోతుంది. ఆర్‌బీ అయితే టక్కుమంటుంది, పని అయిపోతుంది.

అలాగే స్టిక్‌ని లోపలికి నొక్కే ఆర్3 మీద క్లిక్ అస్సలు పెట్టకండి. నొక్కిన ప్రతిసారీ స్టిక్ పక్కకి ఒరుగుతుంది.

ఈ మూడూ పెట్టాక అరగంట వాడండి. ఫోల్డర్లు తెరవండి, ఒక ఫైల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి లాగండి, ఒక వాక్యాన్ని సెలెక్ట్ చేయండి. ఇవి ఇబ్బంది లేకుండా వస్తేనే ముందుకెళ్లండి.

## 6. మిగతా బటన్లు

నేను రోజూ వాడే అమరిక ఇది. ముందు ఇలాగే పెట్టుకుని వారం వాడండి, ఆ తర్వాత మీ అవసరాన్ని బట్టి మార్చుకోండి.

- ఎడమ స్టిక్ పైకి, కిందికి: స్క్రోల్
- డీప్యాడ్ (ఎడమ పక్కనున్న నాలుగు దిశల బటన్లు): నాలుగు బాణం కీలు
- ఏ (ప్లేస్టేషన్‌లో క్రాస్): ఎంటర్
- బీ (ప్లేస్టేషన్‌లో సర్కిల్): ఎస్కేప్
- ఎక్స్ (ప్లేస్టేషన్‌లో స్క్వేర్): బ్యాక్‌స్పేస్
- వై (ప్లేస్టేషన్‌లో ట్రయాంగిల్): స్పేస్, వీడియో ఆపడానికి కూడా ఇదే
- స్టార్ట్ (మధ్యలో కుడివైపు చిన్న బటన్): తెర మీది కీబోర్డ్
- బ్యాక్ (మధ్యలో ఎడమవైపు చిన్న బటన్): విండోస్ కీ, ట్యాబ్ కలిపి
- ఎల్3, ఆర్3: ఖాళీ

బ్యాక్ మీద చాలామంది ఆల్ట్, ట్యాబ్ పెడతారు. ఒక్కసారి నొక్కితే చివరి రెండు కిటికీల మధ్యే తిరుగుతుంది, మూడోదానికి వెళ్లాలంటే ఆల్ట్ పట్టుకునే ఉండాలి. విండోస్, ట్యాబ్ కలిపి అయితే తెరిచినవన్నీ తెర మీద పరుచుకుంటాయి, బాణాలతో వెళ్లి 'ఏ' బటన్ నొక్కితే సరి.

రెండు మూడు కీలు కలిపి పెట్టాలంటే ఆ బటన్ అడ్వాన్స్‌డ్ కిటికీలో ఒకదాని కింద ఒకటి చేర్చండి. మధ్యలో పాజ్ పెట్టనంత వరకు అన్నీ కలిపి నొక్కినట్టే లెక్క.

## 7. టైపింగ్

కంట్రోలర్‌తో పెద్ద వ్యాసాలు రాయలేరు, అది ఆశించకండి. వెతకడానికి నాలుగు మాటలు, ఒక చిన్న జవాబు, పాస్‌వర్డ్, ఇంతవరకు హాయిగా అవుతుంది.

స్టార్ట్ బటన్ మీద విండోస్, కంట్రోల్, ఓ మూడూ కలిపి పెట్టండి. నొక్కితే తెర మీద కీబోర్డ్ వస్తుంది, మళ్లీ నొక్కితే పోతుంది. దాని అంచులు పట్టి లాగి, తెర కింద సగం ఆక్రమించేంత పెద్దది చేసుకోండి.

కీబోర్డ్ వచ్చింది గానీ దాని మీద క్లిక్‌లు పడట్లేదా? యాంటీమైక్రోఎక్స్ మూసి, దాని గుర్తు మీద కుడి క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ఎక్కువ అనుమతులతో నడిచే కిటికీలకు తక్కువ అనుమతులున్న ప్రోగ్రామ్ పంపే క్లిక్‌ని విండోస్ చేరనివ్వదు. టాస్క్ మేనేజర్‌తోనూ ఇదే తంతు.

తెలుగులో రాయాలంటే ముందు విండోస్ భాషల్లో తెలుగు చేర్చుకోవాలి, ఆపై విండోస్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. దీన్నీ ఒక బటన్‌కి ఇచ్చుకోవచ్చు. మైకు ఉంటే విండోస్, హెచ్ కలిపి పెట్టుకుని నోటితో చెప్పి రాయించుకోవచ్చు, నెట్ ఉండాలి.

తరచూ రాసే మాటలకు బటన్ అడ్వాన్స్‌డ్ కిటికీలో 'టెక్స్ట్ ఎంట్రీ' ఉంది, ఒక నొక్కుకి మొత్తం వాక్యం పడుతుంది. మెయిల్ ఐడీకి బాగుంటుంది. పాస్‌వర్డ్ మాత్రం అందులో పెట్టకండి, మన అమరిక సేవ్ అయ్యే ప్రొఫైల్ ఫైల్ తెరిచిన వాళ్లందరికీ అది కనిపిస్తుంది.

## 8. బటన్లు చాలకపోతే రెండో సెట్

ఒకే బటన్లకి ఇంకో అమరిక ఇచ్చుకోవడమే సెట్. యాంటీమైక్రోఎక్స్‌లో మొత్తం 8 సెట్లు ఉంటాయి. మనకి రెండు చాలు. ఆర్‌టీ పట్టుకున్నంతసేపు రెండో సెట్, వదిలితే మొదటిది.

1. సెట్ల మెనూలో మొదటి సెట్‌ని రెండోదానికి కాపీ చేయండి. ఇది మర్చిపోతే రెండో సెట్‌లో స్టిక్‌కి ఏమీ ఉండదు, ఆర్‌టీ పట్టుకోగానే కర్సర్ బిగుసుకుపోతుంది.
2. ఆర్‌టీకి 'సెట్ 2, వైల్ హెల్డ్' ఇవ్వండి.
3. రెండో సెట్‌లో మార్చాల్సినవి మాత్రమే మార్చండి. డీప్యాడ్ పైకి కిందికి శబ్దం, పక్కలకి బ్రౌజర్ ట్యాబ్‌లు, ఎక్స్‌కి కాపీ, వైకి పేస్ట్.

మూడో సెట్ దాకా వెళ్లకండి. ఏ సెట్‌లో ఏముందో గుర్తుపెట్టుకోవడమే పెద్ద టెన్షన్ అవుతుంది.

## 9. ఒక్క చేత్తో వాడేవాళ్లకి

మా నాన్న కుడి మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు ఉంచారు. పొద్దున్నే పేపర్ చదవడం, సాయంత్రం పాత పాటలు, అన్నీ ఆయనకి టీవీకి కలిపిన ల్యాప్‌టాప్‌లోనే. ఎడమ చేత్తో మౌస్ కుదరలేదు. కంట్రోలర్ ఇచ్చి ఎడమ స్టిక్ కర్సర్, దాన్నే లోపలికి నొక్కితే క్లిక్ అని పెట్టాను. పది నిమిషాలు ఓపిగ్గా ప్రయత్నించి, "ఒరేయ్, బాణం దాని మీదే పెడుతున్నాను, నొక్కబోయేసరికి పక్కకి జారిపోతోందిరా" అన్నారు. పక్కన కూర్చుని ఆయన బొటనవేలినే చూశాను. నొక్కిన ప్రతిసారీ స్టిక్ కొద్దిగా కిందికి ఒరుగుతోంది, పాట పేరు మీదున్న కర్సర్ దాని కింది పాట మీదికి దిగిపోతోంది. క్లిక్‌ని ఎల్‌బీకి మార్చాను. ఆ వెంటనే పాట మోగింది.

అప్పటి నుంచి ఒక్క చేతికి ఇదే అమరిక:

- ఎడమ స్టిక్: కర్సర్, వేగం 35 నుంచి 40
- ఎల్‌బీ: ఎడమ క్లిక్
- ఎల్‌టీ: కుడి క్లిక్
- డీప్యాడ్ పైకి, కిందికి: స్క్రోల్
- డీప్యాడ్ ఎడమకి: బ్రౌజర్‌లో వెనక్కి, అంటే ఆల్ట్, ఎడమ బాణం
- డీప్యాడ్ కుడికి: తెర మీది కీబోర్డ్

కంట్రోలర్‌ని ఒళ్లో దిండు మీద ఆనించి పట్టుకోవాలి. ఒక్క చేత్తో గాల్లో పట్టుకుంటే పావుగంటకే మణికట్టు లాగుతుంది. కుడి చేతికైతే ఇదే అద్దంలో చూసినట్టు పెట్టుకోండి, డీప్యాడ్ బదులు ఏ, బీ, ఎక్స్, వై.

## 10. వచ్చే ఇబ్బందులు, వాటికి మందులు

ఒక్కసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది. వెనక స్టీమ్ నడుస్తోందేమో చూడండి. దాన్ని పూర్తిగా మూసేయండి, లేదా అందులో డెస్క్‌టాప్ లేఅవుట్ తీసేయండి.

మధ్య లోగో బటన్ నొక్కితే గేమ్ బార్ వస్తోంది. విండోస్ సెట్టింగ్స్‌లో గేమింగ్, గేమ్ బార్‌లోకి వెళ్లి కంట్రోలర్ బటన్‌తో తెరిచే ఆప్షన్ ఆపేయండి.

ఆటలో అంతా కలగాపులగం అవుతోంది. ఆ ఆట కంట్రోలర్‌ని నేరుగా కూడా చదువుతోంది. మన సాఫ్ట్‌వేర్ అసలు సంకేతాన్ని దాచదు, దానికి తోడు కీలు పంపుతుంది. ఆట మొదలుపెట్టే ముందు దీన్ని మూసేయండి, లేదా తెరిచిన ప్రోగ్రామ్‌ని బట్టి అమరిక మార్చే ఆటో ప్రొఫైల్‌తో ఆ ఆటకి ఖాళీ ప్రొఫైల్ ఇవ్వండి.

ఆన్‌లైన్ పోటీ ఆటల్లో వాడొచ్చా? వద్దు. కీలు మార్చే సాఫ్ట్‌వేర్‌ని, ముఖ్యంగా టర్బో (పట్టుకుంటే గబగబా నొక్కుతూ పోవడం), మాక్రోలని (ఒక నొక్కుకి వరుసగా చాలా కీలు) కొన్ని ఆటలు మోసంగా లెక్కగట్టి ఖాతా నిలిపేస్తాయి.

తెర మసకబారి అనుమతి అడిగినప్పుడు ఏమీ పనిచేయట్లేదు. పనిచేయదు. భద్రత కోసం విండోస్ ఆ తెరని విడిగా ఉంచుతుంది. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కూడా ఇలా పంపలేం. కంప్యూటర్ పెట్టగానే వచ్చే లాక్ తెర మీద కూడా ఈ సాఫ్ట్‌వేర్ పనిచేయదు, అసలు కీబోర్డ్ పక్కనుండాలి. అందుకే పారేయొద్దన్నాను.

బ్లూటూత్‌లో కర్సర్ తడబడుతోంది. కంప్యూటర్ వెనక బ్లూటూత్ డాంగిల్ పక్కనే యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ ఉందేమో చూడండి. యూఎస్‌బీ 3 పరికరాల నుంచి వచ్చే రొద 2.4 గిగాహెర్ట్జ్ సంకేతాలని చెడగొడుతుంది. ఒక పొడిగింపు కేబుల్‌తో డాంగిల్‌ని ముందుకి తెస్తే ఎక్కువసార్లు సర్దుకుంటుంది.

సినిమా మధ్యలో కంట్రోలర్ ఆగిపోతోంది. ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ 15 నిమిషాలు ముట్టుకోకపోతే నిద్రపోతుంది. లోగో బటన్ నొక్కితే మళ్లీ కలుస్తుంది. చిరాకైతే కేబుల్ పెట్టుకోండి.

లినక్స్‌లో కర్సర్ కదలట్లేదు. వేలాండ్ (లినక్స్‌లో తెరని నడిపే కొత్త పద్ధతి) మీద ఉంటే యాంటీమైక్రోఎక్స్ సెట్టింగ్స్‌లో 'యూఇన్‌పుట్' ఎంచుకోవాలి, మీ ఖాతాకి దాని మీద రాసే అనుమతి ఉండాలి. ఫ్లాట్‌ప్యాక్ ద్వారా ఎక్కించుకుంటే ఆ అనుమతి నియమాన్ని మనమే చేర్చుకోవాల్సి వస్తుంది.

## 11. సేవ్ చేసి, వదిలేసే ముందు

- ప్రొఫైల్ సేవ్ చేశారా? పేరులో పని ఉండేలా పెట్టండి, 'టీవీ', 'ఒంటిచేయి' ఇలా. సేవ్ చేయకుండా మూస్తే చేసినదంతా పోతుంది.
- ఆ ఫైల్ కాపీ ఇంకో చోట దాచారా? విండోస్ మళ్లీ ఎక్కించినప్పుడు అరనిమిషంలో పాత అమరిక వచ్చేస్తుంది.
- సెట్టింగ్స్‌లో విండోస్‌తో పాటు మొదలవడం, మూసినా వెనక నడుస్తూ ఉండటం, రెండూ ఆన్ చేశారా?
- ఒకసారి కంప్యూటర్ ఆపి, మళ్లీ పెట్టి, లాక్ తెర దాటాక మౌస్ ముట్టుకోకుండా ఒక వీడియో వెతికి మొదలుపెట్టగలిగారా?

చివరి ప్రశ్నకి లేదు అని జవాబొస్తే ఎక్కడ ఆగారో చూసి ఆ భాగం ఒక్కటే మళ్లీ చేయండి, మొత్తం చెరిపి మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు.